అమ్మ వీపు కింద ముడత

నాకు కుట్టుపని రాదు. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పాను. గీత వంకరపోతే పిల్లల వేళ్ళ మీద స్కేలుతో కొట్టాను కూడా, దాచేదేముంది. అలాంటి నన్ను నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి మిషను మీద తిన్నగా కుట్టమంటే చచ్చే చావైంది. అది కూడా ఎప్పుడు? అరవై దాటాక, మా అమ్మ మంచం పట్టాక, ఇక కుట్టక తప్పని రోజున.

అమ్మకి పక్షవాతం వచ్చింది నేను రిటైరైన ఏడాదే. కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది, ఒక్కటి తప్ప. "ఆయ్." మా కోనసీమలో పెద్దవాళ్ళు పిలిచినా, ఏదైనా చెప్పినా, పని పురమాయించినా మర్యాదగా అనే మాట అది. సరే, అలాగే, వింటున్నాను, అన్నిటికీ అదే. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళినన్నాళ్ళూ రైతుల గుమ్మాల ముందు నిలబడి అమ్మ ఆ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటుందో. బాగా నోటికి అలవాటైన మాట ఒక్కోసారి ఇలా మిగిలిపోతుందని డాక్టరుగారు చెప్పారు. జావ తాగుతావా అమ్మా? ఆయ్. వద్దా? ఆయ్. నొప్పిగా ఉందా? ఆయ్. నొప్పేం లేదు కదా? ఆయ్. మొదటి వారం ఆ మాట విని తెగ సంబరపడిపోయాను, అన్నీ అర్థమవుతున్నాయని. తర్వాత తెలిసొచ్చింది, దాన్ని నమ్ముకుంటే కుదరదని. పక్కన కూర్చుని కళ్ళు చూడాలి, నుదురు చూడాలి, ఎడమ చెయ్యి దుప్పటిని ఎంత గట్టిగా పట్టుకుందో చూడాలి. అప్పుడు గానీ ఆవిడకేం కావాలో తెలిసేది కాదు.

అమలాపురంలో ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు రెండు విషయాలు గట్టిగా చెప్పారు. రెండు గంటలకోసారి అమ్మని ఈ పక్కనుంచి ఆ పక్కకి తిప్పాలి. ఒంటి కింద ఎక్కడా ముడత ఉండకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా చర్మం కమిలి పుండు పడుతుంది. అసలే షుగరు మనిషి, పడితే మానడం కష్టం. వారానికి రెండుసార్లు మా ఇంటికి వచ్చి చూసే నర్సమ్మ ఆ మాటనే ఇంకా భయం పుట్టేలా చెప్పింది.

"చిన్న ముడతే కదా అనుకోకండి టీచరుగారూ. కదల్లేని మామ్మగారికి అది కింద గులకరాయి పెట్టినట్టేనండి."

అంతే, ఆ గులకరాయి నా బుర్రలో పడింది. పొద్దస్తమానం అమ్మ పక్క మీద ముడతలు వెతకడమే నా పనైపోయింది. పరుపు మీద రెగ్జిన్ షీటు, దాని మీద దుప్పటి. అమ్మని ఇటు తిప్పితే దుప్పటి అటు జారేది. నాలుగు మూలలూ పరుపు కింద దోపాను, పిన్నీసులు పెట్టాను, తాళ్ళు కట్టాను. ఊహూఁ. పావుగంట తిరక్కుండా నడుము కింద చుట్ట చుట్టుకునేది. రెగ్జిన్ వేడికి వీపంతా చెమట. గాలి పరుపు తెప్పించాం. అది కరెంటు పోయినప్పుడల్లా చప్పబడిపోయేది, వచ్చినప్పుడల్లా బుస్సుమనేది. ఆ చప్పుడికి అమ్మ బెదిరిపోయి ఏడ్చేది. రెండు రోజులు చూసి తీసేశాం.

ఆ వారమే అమ్మ నడుము కింద ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ కనిపించింది. నర్సమ్మ దాన్ని వేలితో నొక్కి వదిలింది. "నొక్కితే తెల్లబడుతోంది కదండీ, అంటే లోపల రక్తం ఆడుతున్నట్టే, పర్లేదు. తెల్లబడటం మానేసిందంటే మాత్రం అక్కడ చర్మం చచ్చిపోయినట్టేనండి," అంది. ఆవిడ అటు వెళ్ళగానే నేనూ వేలితో నొక్కి చూశాను. తెల్లబడింది. మళ్ళీ నొక్కాను. ఆ రోజు ఎన్నిసార్లు నొక్కానో, చివరికి మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

అమ్మకి బొంత కావాలని అప్పుడు తట్టింది నాకు. పాత నేతచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అన్నిటినీ కలిపి దగ్గర దగ్గరగా కుట్టిన బొంత జారదు, చెమట పీల్చుకుంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మా అమ్మ ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషి. పొలంలో పని లేని రోజుల్లో గుమ్మం దగ్గర కూర్చుని చేత్తోనే కుట్టేది. బాలింతలున్న ఇళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి అమ్మ చేతే కుట్టించుకునేవారు, పసిబిడ్డ ఒంటికి ముడత తగలదని. నేను సూది పట్టుకుంటే చాలు, లాగేసుకునేది.

"నీకెందుకే ఈ పని? నువ్వు పుస్తకం పట్టుకో. సూది నా కాడ ఉండనీ."

అలా నన్ను టీచర్ని చేసింది. తన పని కూతురికి అవసరం పడే రోజొకటి వస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఆవిడ చేత్తో కుట్టిన ఆఖరి బొంత ఏమైందని మాత్రం నన్నడక్కండి. చిరిగిపోయిందని నేనే ముక్కలు చేసి స్కూటరు తుడుచుకోమని మా ఆయనకిచ్చాను. అప్పటికి అమ్మకి మాట బాగానే ఉంది. చూసింది, ఏమీ అనలేదు.

పెళ్ళయిన కొత్తలో కొన్న కుట్టు మిషను ఒకటి ఇంట్లో ఉంది. ఇన్నేళ్ళూ దాని మీద పాత పేపర్లూ, కరెంటు బిల్లులూ, పిల్లల ఆన్సరు షీట్లూ పెట్టుకున్నాం. మా ఆయన దాన్ని దులిపి, నూనె వేసి, కాలితో తొక్కక్కర్లేకుండా మోటారు బిగించారు. ఆయన ఓడలరేవు వైపు గ్యాసు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. మోటారు కనిపిస్తే ఆయనకి పండగే.

మొదటి బొంతకి అడుగున వేయడానికి కొత్త తెల్లగుడ్డ కొన్నాను. పైన నేను స్కూలుకి కట్టుకెళ్ళిన నేతచీరలు. పొరలు కదిలిపోకుండా ఉండాలని ముందు నాలుగంచులూ చుట్టూ కుట్టేశాను. చీరకి ఫాల్ కుట్టేవాళ్ళు అంచునే కదా కుడతారు, అదొక్కటే నేను చూసిన విద్య. తర్వాత పైనుంచి కిందికి ఒక వరస, కిందినుంచి పైకి ఒక వరస, చేను దున్నినట్టు కుట్టుకుంటూ పోయాను. మూడో వరసకే మొదలైంది నా ఖర్మ. అడుగు గుడ్డని మిషను పళ్ళు లాక్కుపోతున్నాయి, పై గుడ్డని పైనున్న పాదం ఆపేస్తోంది. ఆ పై గుడ్డ సూది ముందు ఉబ్బి, ఎటూ పోలేక నిలబడింది. చేత్తో నొక్కి దాని మీంచే కుట్టేశాను. ముడత అక్కడే కుట్టుకింద పాతుకుపోయింది. ఈ పక్క సర్దితే ఆ పక్క లేచేది. గట్టిగా లాగి పట్టుకుంటే సూది విరిగింది. మిషన్ని తిట్టాను, దారాన్ని తిట్టాను, దారం అమ్మిన కొట్టాయన్ని తిట్టాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా స్కూల్లో అందరికీ తెలుసు.

"ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికెవరో," అన్నారు మా ఆయన పేపరు మడుస్తూ.

"అయితే మీరు కుట్టండి చూద్దాం!"

"నాకెందుకొచ్చిన గొడవండీ టీచరుగారూ," అని ఆయన మెల్లగా లేచి దొడ్లోకి జారుకున్నారు.

కుట్టడం అయ్యాక దాన్ని నేల మీద పరిచి నేనే పడుకుని చూశాను. అరగంట కదలకుండా ఉండాలి, అమ్మలా. పది నిమిషాలకే నా వల్ల కాలేదు. లేచి చూసుకుంటే మోచేతి మీదా భుజం మీదా వాతలు పెట్టినట్టు గీతలు. నాకు ఒళ్ళు కదులుతుంది కాబట్టి లేచాను. అమ్మైతే ఆ గీతల మీద అలాగే పడుండాలి. ఆ బొంత పక్కనే చతికిలబడి ఏడ్చాను. ఇంత వయసొచ్చి, ఇంతమందికి చదువు చెప్పి, కన్నతల్లికి ఒక పక్క సరిగ్గా వెయ్యలేకపోతున్నానే అని ఏడుపొచ్చింది.

మా వీధి చివర జాకెట్లు కుట్టే అమ్మాయి ఉంది. అమ్మాయంటే ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, ఒకప్పుడు నా క్లాసులో ఆఖరి బెంచీ. నా స్కేలు దెబ్బలు తిన్న వేళ్ళే అవి. బొంత చంకన పెట్టుకుని వెళ్ళి ఆ పిల్ల ముందు నిలబడ్డాను. బల్ల మీద పరిచి, ఓసారి నిమిరి, నవ్వాపుకుంది. ఆపుకున్న నవ్వు నాకు కనపడకపోతే కదా.

"ముందు అంచులు కుట్టేసేరా అండీ?"

"కుట్టకపోతే కదిలిపోదూ?"

"అంచులు మూసేసేక లోపలి గుడ్డ ఎటెళ్తదండీ టీచరుగారూ? దారి లేక అక్కడే ముడుచుకుంటదండి. నడిమధ్య వరస ముందు కుట్టాలండి. తర్వాత దానికి అటొకటీ ఇటొకటీ. ప్రతి వరసా పైనుంచి కిందికే రావాలి. ఒకటి ఇటూ ఒకటి అటూ కుట్టేరంటే గుడ్డ మెలి తిరిగిపోద్దండి. అంచులు చివరాఖర్న."

ఇంకా చాలా చెప్పింది. మిషను పాదాన్ని కిందికి నొక్కే మర కాస్త వదులు చేసుకోమంది. కుట్టు పెద్దది పెట్టుకోమంది. పై దారం బిగువు తగ్గించమంది. మిషనెక్కించే ముందు పొరలన్నీ కలిపి జానెడు జానెడు దూరంలో చేత్తో పెద్ద పెద్ద టాకాలు వేసుకోమంది. ఆ పిల్ల చెప్తుంటే నేను కాగితం మీద బుద్ధిగా రాసుకున్నాను. అర్థం కానిచోట రెండోసారి అడిగాను, విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. నేనెప్పుడూ దానికి రెండోసారి చెప్పిన గుర్తు లేదు.

"ఎందుకండీ మీకింత అవస్థ? నాకిచ్చెయ్యండి, ఆదివారం కూర్చుని కుట్టేసిస్తాను," అంది.

అప్పుడు ఇచ్చేసి ఉండాల్సింది. ఇవ్వలేదు. ఊళ్ళో బిడ్డలందరికీ బొంతలు కుట్టిన మనిషికి సొంత కూతురు ఒక్క బొంత కుట్టి పెట్టలేదా అని పంతం. మా ఆయన చెప్పినా వినలేదు. అమ్మ ఒంటికి తగిలేది నా చేతి కుట్టే అయ్యుండాలని మొండికేశాను.

మొదటి బొంత కుట్లు విప్పడానికే రెండు రోజులు పట్టింది. అవే గుడ్డలు మళ్ళీ పరిచి, ఆ పిల్ల చెప్పినట్టే కుట్టాను. ఈసారి నున్నగా వచ్చింది. అమ్మ కింద వేసి పడుకోబెడితే, ఎడమ చేత్తో దాన్ని తడిమింది. కుట్టు వెంబడి అరచెయ్యి అలా పోనిచ్చి "ఆయ్" అంది. నాకు ఏనుగెక్కినంత సంబరం. ఆ సంబరం మూడు రోజులు. నాలుగో రోజు బొంత తడిస్తే ఉతికి ఆరేశాను. సాయంత్రం తీగ మీంచి తీసేసరికి ఎండిన అప్పడంలా వంకర్లు తిరిగిపోయి ఉంది. అడుగున వేసిన కొత్తగుడ్డ మొదటి ఉతుకుకే కుదించుకుపోయింది, పాత చీరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మిగిలిన గుడ్డంతా ఎక్కడికి పోతుంది? కుట్టుకీ కుట్టుకీ మధ్య ముడతలై లేచింది. కొత్తగుడ్డని ముందే నానబెట్టి ఉతకాలన్న సంగతి ఆ పిల్ల చెప్పలేదంటే, కొత్తది వాడానని నేను చెబితే కదా.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, మర్నాడు నర్సమ్మ వచ్చి మచ్చ కాస్త పెరిగిందంది. "ఇంకా తెల్లబడుతోంది లెండి. కానీ జాగ్రత్తండి," అంది. ఎంత జాగ్రత్త పడాలమ్మా తల్లీ, చెప్పు, ఏం చెయ్యాలో చెప్పు, అని ఆవిడ మీద అరిచేశాను. పాపం, ఏమీ అనుకోలేదు. నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఇక కొత్తగుడ్డ ఊసే వద్దనుకున్నాను. అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. అన్నీ ఆవిడ కట్టి కట్టి ఉతికి ఉతికి మెత్తబడ్డ నేతచీరలు, ఇంక కుదించుకోడానికేమీ మిగల్లేదు. అడుగున ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కూడా ఉంది. "ఇవి తీసుకోనా అమ్మా?" అని అడిగాను. "ఆయ్" అంది. ఆ తెల్లచీర ఆవిడ మళ్ళీ కట్టుకునేది లేదు కదా అని మనసులో అనుకుని, అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుని, అది కూడా తీసుకున్నాను. గంజి పోయేదాకా ఉతికాను. ఆరాక వసారాలో గచ్చు మీద ఒక్కో పొరా పరిచి, మధ్యలోంచి అంచుల వైపు అరచేత్తో తుడుస్తూ గాలి లేకుండా చేసి, మూలల మీద పప్పు డబ్బాలు బరువు పెట్టాను. సాయంత్రానికి టాకాలు వేయడం పూర్తయింది. నడుం విరిగిపోయింది. మర్నాడు మిషను పని ఒక్కటే మిగిలింది.

ఆ మర్నాడు మా ఆయన కపిలేశ్వరపురంలో పెళ్ళికని పొద్దున్నే వెళ్ళారు. ఇంట్లో అమ్మా నేనూ. పదకొండింటికి అమ్మకి జావ పట్టి, ఒళ్ళు తుడిచి, కుడి పక్కకి తిప్పి, వీపుకి దిండు ఆనించాను. మళ్ళీ ఒంటిగంటకి తిప్పాలి. గడియారం చూసుకునే వసారాలోకి వచ్చి మిషను ముందు కూర్చున్నాను.

నడిమధ్య వరస తిన్నగా వచ్చింది. ముడత లేదు. దాని పక్కన ఇంకొకటి, అటు పక్కన ఒకటి. గుడ్డని లాగకూడదు, తొయ్యకూడదు, రెండు చేతులూ అటూ ఇటూ పరిచి ఊరికే దారి చూపించాలి. ఇన్నాళ్ళూ నా కోపమంతా చేతుల్లోకి వచ్చి గుడ్డని పీకుతోందని అప్పుడు తెలిసింది. చేతులు వదులు చేస్తే మిషను తన పని తను చేసుకుపోతోంది. వరస వెనక వరస నున్నగా వస్తుంటే, ఎప్పుడూ ఎరగని ఆనందం వేసింది. అమ్మకి గుమ్మంలో కూర్చుని కుడుతున్నప్పుడు అన్నం కూడా ఎందుకు గుర్తొచ్చేది కాదో అప్పుడు అర్థమైంది. లేస్తే చెయ్యి మారిపోతుందేమో, మళ్ళీ ఆ వదులు రాదేమో అని భయం.

ఒంటిగంట కొట్టింది. విన్నాను.

"అమ్మా, బానే ఉన్నావా?" అని కూర్చున్నచోటి నుంచే కేకేశాను.

"ఆయ్."

"పావుగంటలో వచ్చేస్తానమ్మా."

ఆ పావుగంట ఎప్పుడు అయిందో తెలీదు. రెండు దాటాక మళ్ళీ పిలిచాను. మళ్ళీ "ఆయ్" అంది. ఆ మాటకి అర్థం లేదని ఈ లోకంలో అందరికంటే నాకే బాగా తెలుసు. జావ కావాలన్నా, వద్దన్నా, మంటగా ఉన్నా, చల్లగా ఉన్నా అదే మాట. అయినా నాకు ఆ సమయానికి కావలసిన జవాబు అదే కాబట్టి, మారుమాట్లాడకుండా పుచ్చేసుకున్నాను.

మూడు దాటాక అనుకుంటాను, నేనేమీ అడగలేదు. లోపల్నుంచి తనంతట తనే "ఆయ్" అంది. కాసేపటికి మళ్ళీ అంది. ఇంకాసేపటికి కొంచెం గట్టిగా. నేను మిషను ఆపలేదు. "ఆయ్, వస్తున్నానమ్మా, ఒక్క వరసే!" అని అరిచాను. నిజానికి అప్పటికింకా ఆరు వరసలున్నాయి, అంచులున్నాయి. తర్వాత లోపల్నుంచి ఏమీ వినపడలేదు. నిద్రపోయిందనుకున్నాను.

నాలుగున్నరకి ఆఖరి అంచు కుట్టి దారం తెంపాను. బొంత గచ్చు మీద పరిచి ఈ చివర్నుంచి ఆ చివరికి అరచెయ్యి పోనిచ్చాను. బుగ్గ ఆనించి చూశాను. ఎక్కడా ముడత లేదు. గేటు చప్పుడైంది, నర్సమ్మ. చిన్నపిల్లలా బొంత రెండు చేతులతో ఎత్తి చూపించాను.

"భలే కుట్టేరండీ టీచరుగారూ! కొన్నదాన్లా ఉందండి. రండి, మామ్మగారికి వేసేద్దాం," అంది.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. అమ్మ మెలకువగానే ఉంది. నేను పదకొండింటికి ఎలా తిప్పి వెళ్ళానో అలాగే ఉంది. ఎడమ చెయ్యి మంచం పట్టెని పట్టుకుని ఉంది, ఆ వేళ్ళు విడదియ్యడానికి కాస్త సేపు పట్టింది. ఇద్దరం కలిసి ఆవిడని ఇవతలి పక్కకి తిప్పాం. కుడి తుంటి మీద నిమ్మకాయంత మేర నల్లగా కమిలిపోయి ఉంది. మధ్యలో చర్మం లేచి నీరు కారుతోంది. నర్సమ్మ దాని చుట్టూ వేలితో నొక్కి చూసింది. తెల్లబడలేదు. నేను వంగి అక్కడి దుప్పటి చూశాను, వెర్రిదాన్లా. దాని మీద ఒక్క ముడత కూడా లేదు.

"ఎంతసేపటి నుంచి ఈ పక్కనే ఉన్నారండీ మామ్మగారు?" అని అడిగింది నర్సమ్మ.

"రెండింటికి తిప్పాను," అన్నాను.

లెక్కల టీచర్ని. పదకొండు నుంచి నాలుగున్నరకి ఎన్ని గంటలో నాకు తెలీదూ? అబద్ధం చెప్పిన పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టిన మనిషిని నేను. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. నర్సమ్మ అనుమానించలేదు. దూది తడుపుతూ, అమ్మ మొహం మీదికి వంగి, ఊరికే పలకరింపుగా అడిగింది.

"రెండింటికే తిప్పేరా మామ్మగారూ?"

"ఆయ్," అంది అమ్మ.

అలా అంటూ నన్నే చూసింది. ఆ కళ్ళలో కోపం ఉందో, నన్ను కాపాడాలని అందో, అసలేమీ తెలియక అందో, పోల్చుకుందామని ఎంత చూసినా నాకు తెలియలేదు. నర్సమ్మ తన పుస్తకంలో రెండింటికి తిప్పారని రాసుకుంది.

అమ్మ ఇప్పుడు ఆ మూడో బొంత మీదే పడుకుంటోంది. రెండుసార్లు ఉతికినా ముడత పడలేదు. మా ఆయన ఫోనులో అలారం పెట్టారు, రెండు గంటలకోసారి మోగుతుంది, తిప్పుతున్నాం. నర్సమ్మ రోజూ వచ్చి కట్టు మారుస్తోంది. పుండు లోతుగా ఉంది, మానుతుందో లేదో ఇప్పుడే చెప్పలేమంటోంది. డాక్టరుగారు ఆవిడ పుస్తకంలో రాసింది చూసి, వేళకి తిప్పుతున్నా ఇంత పుండు పడిందంటే షుగరు మీదే అనుమానమని, తిండి ఇంకా కట్టడి చేశారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ అర చక్కెరకేళి పండు తినేది. అదొక్కటే ఆవిడ తనంతట తను చెయ్యి చాపి అడిగేది. ఆ పండు మానిపించేశారు.

అమ్మ ఇప్పటికీ అన్నం అయ్యాక ఎడమ చెయ్యి చాపుతుంది. "వద్దమ్మా, డాక్టరుగారు తినొద్దన్నారు," అంటాను. "ఆయ్" అంటుంది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోదు. నేనే దాన్ని పట్టుకుని దుప్పటి మీద పెడతాను. నర్సమ్మకి నిజం చెప్పేస్తే ఆ పండు మళ్ళీ పెట్టొచ్చేమో. ఆవిడ గేటు తీసిన చప్పుడు వినగానే రోజూ చెప్పేద్దామనే అనుకుంటాను. ఇవాళ కూడా వచ్చింది, కట్టు మార్చింది, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది. చెప్పలేదు.